అచ్యుతరావు బాగుందన్న దొంగ అల

అచ్యుతరావును అసూయాపరుడని ఎవరూ అనరు. తోడల్లుడు కారు కొంటే అందరికన్నా ముందు వెళ్ళి మిఠాయి తిని వచ్చాడు. పక్క ఫ్లాటువాళ్ళు పోచారంలో ఇంకో ఫ్లాటు కొంటే మనస్ఫూర్తిగా అభినందించాడు. ఆయన ఓర్వలేనిది ఈ లోకంలో ఒక్కటే: నీటిని తనకన్నా బాగా లెక్కగట్టే మనిషి. పాపం, చాలా ఏళ్ళు అలాంటి మనిషి ఆయనకు ఎదురు పడలేదు.

నాచారంలో ఒక మందుల గోదాము పైన వాళ్ళ ఆఫీసు. నాలాకు, అంటే నగరంలోని వాననీటి కాలవకు, వరద వస్తే ఏ గంటకు ఎక్కడ ఎంత ఎత్తున నీళ్ళుంటాయో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టి చెప్పడం వాళ్ళ పని. రేపల్లె వైపు కాలవ గట్ల మీద పెరిగి ఉప్పల్‌లో స్థిరపడ్డ అచ్యుతరావు ఆ పనిలోనే తల నెరిపించుకున్నాడు. నాలాను చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. కాలాన్ని కూడా చిన్న చిన్న అడుగులుగా కోస్తారు. ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి ఎంత నీరు పోయిందో అడుగడుక్కీ లెక్కిస్తూ పోతారు. ఇందులో ఒక మెలిక ఉంది. వరద అల ఒక ముక్కను దాటేలోపే లెక్క ఒక అడుగు వేసెయ్యాలి. అడుగు పెద్దదైతే అల లెక్కకు దొరక్కుండా పోతుంది, కంప్యూటర్ కంగారుపడి లేని అలను పుట్టించి చూపిస్తుంది. అలాంటి దొంగ అలల్ని పట్టడంలో అచ్యుతరావు దిట్ట. తెర మీద నీటిమట్టం గీత చూడగానే, "ఇవి నీళ్ళు కావండీ, మన అంకెల ఊగిసలాట" అనేసేవాడు. ఆయన చూడనిదే యజమాని హృషికేశ్ ఏ పనినీ బయటికి పంపేవాడు కాదు.

అదంతా గౌతమి వచ్చేదాకా.

జనగామ పిల్ల, ఎంటెక్ చదివి వచ్చింది. అచ్యుతరావు ప్రోగ్రాము మధ్యాహ్నమంతా నడిచి తేల్చేదాన్ని ఆమె ప్రోగ్రాము టీ తాగి వచ్చేలోపు తేల్చేసేది. పైగా నీళ్ళు కాలనీల్లోకి పాకుతున్నట్టు రంగుల్లో కదిలేవి. ఆఫీసు ఆఫీసంతా ఆమె కుర్చీ చుట్టూ మూగేది. రంగులేస్తే నీళ్ళు నిజమైపోతాయా అని గొణుక్కుంటూ అచ్యుతరావు ఒక్కడే కిందికి పోయి టీ తాగేవాడు. ఆ టీ చేదుగా ఉండేది, చక్కెర తప్పేమీ లేదు.

ఇంట్లో భార్య అరుణకుమారి దగ్గర ఏడుపు మొదలుపెడితే ఆమె కూడా కలిసి రాలేదు. "మంచి పిల్లేనండీ. మొన్న వాళ్ళమ్మ చేసిన సకినాలు పంపింది కదా" అంది. అచ్యుతరావు ఆ సకినాలు ముట్టనన్నాడు. ఆమె స్నానానికి వెళ్ళాక డబ్బా తీసి తిన్నాడు. అవి కరకరలాడుతూ బాగుండడం ఆయనకు మరీ కంటగింపయింది.

ఇంతలో నాలాకు గోడ ఎంత ఎత్తు కట్టాలో తేల్చే పని వచ్చింది. మున్సిపల్ ఇంజినీర్ల ముందు లెక్కను వివరించే కుర్చీ ఎప్పుడూ అచ్యుతరావుదే. ఈసారి హృషికేశ్ ఆ కుర్చీలో గౌతమిని కూచోబెడతానన్నాడు. "మీరు పక్కనుండున్రి రావుగారూ, ధైర్యంగ ఉంటది" అన్నాడు. పుండు మీద కారం చల్లి విసనకర్రతో విసిరినట్టయింది.

మీటింగుకు ముందురోజు గౌతమి లాప్‌టాప్ పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చింది.

"సార్, జర ఒక్కపారి సూస్తరా? మీరు సూసిన్రంటే నాకు ఫికర్ ఉండదు."

ఆయన చూశాడు. ఒక్క చూపులో దొరికింది. ఇరుకు కల్వర్టు దగ్గర నీటి గీత మూపురంలా లేచింది, ఎగువ నుంచి వచ్చే నీటికన్నా ఎత్తుగా. కల్వర్టులో నీరు పరుగెత్తుతుంది, ఆ పరుగుకు తగ్గట్టు ఈ పిల్ల కాలం అడుగును తగ్గించలేదు. దొంగ అల! ఒక్క మాట చెబితే చాలు. అచ్యుతరావు గుండెలో ఎన్నాళ్ళకో చల్లగా అయింది. గోడ కాస్త ఎత్తు పెరుగుతుంది, అంతేగా, దీనివల్ల మునిగేవాళ్ళెవరున్నారు అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

"బాగుందమ్మా. వంక పెట్టడానికేం లేదు."

ఆ పూట ఆయన మారు వడ్డించుకుని తిన్నాడు.

మర్నాడు మీటింగులో ఉమ అనే పెద్ద ఇంజినీరు తెర దగ్గరికి లేచి వెళ్ళి, సరిగ్గా ఆ మూపురం మీదే వేలు పెట్టింది. "ఇదేందమ్మా? పైకెల్లి వచ్చే నీళ్ళకంటె కల్వర్టు కాడ నీళ్ళు ఎత్తున్నయి. కిందికెల్లి ఊట ఊరుతున్నదా?"

అందరూ నవ్వారు. అచ్యుతరావు సంతోషాన్ని దగ్గు కింద దాచుకున్నాడు. గౌతమి మొహం పాలిపోయింది. మూపురాన్ని చూసింది, ఆయనను చూసింది. ఆ చూపులో కపటమేమీ లేదు.

"నిన్న అచ్యుతరావు సార్ సూసిన్రు మేడమ్. వంక పెట్టనీకి ఏం లేదన్నరు."

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మూపురాన్ని చూశానంటే, చూసి ఎందుకు దాచావయ్యా అంటారు. కనబడలేదంటే, దొంగ అలల్ని పట్టేవాడన్న పేరు ఈ గదిలోనే ముగుస్తుంది. ఏ పేరు కోసం ఇంత కుళ్ళుకున్నాడో ఆ పేరునే ఇప్పుడు బలి అడుగుతున్నారు.

"నాకు... కనబడలేదండీ."

హృషికేశ్‌కు కోపం రాలేదు. జాలిగా చూశాడు. ఆ జాలి కంటే నలుగురిలో తిట్టినా బాగుండేది. గౌతమి అక్కడికక్కడే కాలం అడుగు తగ్గించి లెక్క మళ్ళీ నడిపింది. అందరి టీలు అయ్యేలోపు మూపురం మాయమైంది. "గిది మంచిగున్నది" అంది ఉమ.

తిరిగి వస్తూ ఉప్పల్‌లో టీకి ఆగారు. హృషికేశ్ ఫోను మాట్లాడుకుంటూ పక్కకు వెళ్ళాడు. గౌతమి అచ్యుతరావు ఎదురుగా కూచుని ఉస్మానియా బిస్కెట్లు వరసగా పేర్చింది.

"ఫీల్ కాకున్రి సార్. నేను సెప్త సూడున్రి. ఇవి నాలా ముక్కలనుకోన్రి. సన్నటి కాడ నీళ్ళు ఉరుకుతయి. మన లెక్క ఒక్క అడుగేసేలోపే అల ఈ బిస్కెట్ దాటి పోయిందనుకోన్రి, ఇంక అది మనకు దొరకది. గందుకే అడుగు సిన్నగ జెయ్యాలె. సమజైందా సార్?"

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. నాకు తెలుసమ్మా అని ఒక్క మాట అంటే చాలు, నిన్న తెలిసే దాచిన సంగతి బయటపడుతుంది. అచ్యుతరావు బుద్ధిగా తల ఊపాడు.

"అర్థమైందమ్మా."

ఇన్నేళ్ళుగా తను అందరికీ చెబుతూ వచ్చిన సంగతే. ఈ పిల్ల తనకన్నా బాగా చెప్పింది.