చిన్నాయన తోలు కోట్లు

మొన్న తిరుపతిలో కొత్తగా తెరిచిన ఒక పెద్ద బట్టల దుకాణానికి మా ఆవిడతో వెళ్లాను. ఆమె చీరల అంతస్తులో మునిగిపోయింది. అది గంటలో తెమిలే పని కాదు కనక నేను మగవాళ్ల బట్టలవైపు తిరుగుతుంటే, ఒక మూల బొమ్మకు తొడిగిన తోలు కోటు కనిపించింది. ముదురు గోధుమ రంగు, మెడ చుట్టూ బొచ్చు, నడుము దగ్గరా ముంజేతుల దగ్గరా ఊలు అల్లిక. నా చెయ్యి దానంతటదే లోపలి కుట్టును తడిమింది. కుట్టు బాగాలేదు. "ముట్టుకోవద్దండి సార్, చాలా ఖరీదు" అంది అక్కడి అమ్మాయి. తోలు ముట్టుకుంటే చేతులు కడుక్కుని రమ్మనే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఆ మాటకు నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, రాణిపేటలో తోలు కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో కట్టింగ్ మాస్టరు. పెళ్లి చేసుకోలేదు. వారమంతా అక్కడే గదిలో ఉండి శనివారం సాయంత్రం బస్సుకు చిత్తూరు వచ్చేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపినవాళ్లు వేసుకున్న కోట్లకు అచ్చు నకళ్లు వాళ్లు తయారుచేసేవి. విదేశాల్లో వాటికోసం పడిచచ్చేవాళ్లు ఉన్నారట. ఆ పిచ్చి ఈయనకూ అంటుకుంది. మరక పడిందనో కుట్టు వంకరపోయిందనో ఫ్యాక్టరీవాళ్లు పక్కన పడేసినవి కొనుక్కుని, ఆదివారాలు కూర్చుని విప్పి మళ్లీ కుట్టేవాడు. అలా ఎనిమిదేళ్లలో ఆరు పోగుచేశాడు. ఇది అమెరికావాళ్లది, మేకతోలు. ఇది ఇంగ్లీషువాళ్లది, లోపల గొర్రెబొచ్చు అని నాకు వివరంగా చెప్పేవాడు. కార్తీకం వెళ్లిందంటే చాలు, చిత్తూరులో చలి అని పేరుకు పుట్టే ఆ కాస్త చల్లదనానికి కోటు తొడుక్కుని, పొద్దున్నే మోపెడ్ మీద కలెక్టరాఫీసు దాకా పోయి, చెమటలు కారుతూ తిరిగొచ్చేవాడు. ఆ మొహంలో అంత సంతోషం ఇంకెప్పుడూ చూడలేదు.

మామిడి తోట ఉన్న రైతులం మేము. తోళ్ల పని చేసేవాడు ఇంట్లో ఉన్నాడంటే మావాళ్లకు నామోషీ. ఎవరడిగినా మా నాయన, తమ్ముడు బట్టల కంపెనీలో ఉన్నాడనేవాడు. మా అవ్వ కోట్లను ఇంట్లోకి రానివ్వలేదు. పెరట్లో మామిడికాయలు మాగబెట్టే గదిలో దండెం కట్టుకుని వాటిని తగిలించుకున్నాడు చిన్నాయన. అన్నీ ఒకటికి పదిసార్లు ఒంటిమీద వేసుకున్నవే. ఎండాకాలంలో ఆ తలుపు తీస్తే పండ్ల వాసనా తోలు వాసనా కలిసి గుప్పున కొట్టేవి.

వాళ్లను అని లాభం లేదు, నేను వాళ్లకంటే హీనం. అప్పుడు తిరుపతిలో పీజీ చదువుతున్నాను. చిన్నాయన ఎయిర్‌ఫోర్సులో పనిచేసి వచ్చాడని హాస్టల్లో కోతలు కోసి ఉన్నాను. ఆయన ఒకరోజు కోటు వేసుకుని నన్ను చూడటానికి రానే వచ్చాడు. నా స్నేహితులు చుట్టూ చేరి ఏ విమానం నడిపారు సార్ అని అడిగితే, పగలబడి నవ్వాడు. "యాడ విమానమబ్బా. రాణిపేటలో తోళ్లు కోసేవాణ్ణి నేను. ఇది నా చేత్తో కుట్టిందే" అన్నాడు. ఆ మర్నాటి నుంచి తెగిన చెప్పులన్నీ నా గది తలుపుకు వేలాడేవి, మీ చిన్నాయనతో కుట్టించమని. ఆయన చేసిన తప్పు నిజం చెప్పడమే. దాన్ని నేను క్షమించలేదు.

ఆ వేసవిలోనే మద్రాసు నుంచి ఒక వ్యాపారి కోట్లు చూడటానికి వస్తానన్నాడు. ఆ ఆరూ నచ్చితే ఆర్డరు ఇస్తాడు. చిన్నాయన ఫ్యాక్టరీ మానేసి చిత్తూరులోనే సొంతంగా నాలుగు మిషన్లు వేసుకుంటాడు. సోమవారం వస్తానన్నాడు వ్యాపారి. ఇంతలో మా దాయాదుల్లో ఒక పెద్దాయన పోయాడు. మాకు అంటు, మైల. పదకొండో రోజు శనివారం పడింది. ఆ రోజు ఇల్లంతా కడగాలి, మనుషుల ఒంటిని తాకిన ప్రతి గుడ్డా తడపాలి. చిన్నాయన ఇంకా రాణిపేట నుంచి రాలేదు. పెరట్లో అండా నిండా బట్టల సోడా వేసిన నీళ్లు మరుగుతున్నాయి.

"ఆ కోట్లు గూడా తీసకరా పో" అంది అవ్వ.

"అయి తోలువి గదత్తా" అంది అమ్మ.

"తోలైతే ఏమి, వాడు ఏసుకున్నాడా లేదా? అంటు ఇంట్లో పెట్టుకోని దీపమెట్ల పెట్టేది?"

అమ్మకు చదువు లేదు. మందు సీసా మీద ఏముందో, బస్సు బోర్డు మీద ఏముందో నన్నడిగేది. అలవాటుగా నావైపు తిరిగింది. "ఏం నాయనా, తడపొచ్చునా?"

తోలుకు ఉడుకునీళ్లు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. తలుపుకు వేలాడిన చెప్పులు గుర్తొచ్చాయి. "తడపొచ్చులేమ్మా" అన్నాను.

నీళ్లు చింతపండు పులుసు రంగుకు తిరిగాయి. ఎండలో వేస్తే కోట్లు కుంచించుకుపోయి అప్పడాల్లా బిగుసుకున్నాయి. సాయంత్రం చిన్నాయన వచ్చి దండెం ముందు నిలబడ్డాడు. ఒక కోటు చెయ్యి మడవబోతే విరిగింది. "ఎవురు తడిపింది?" అన్నాడు మెల్లగా. "నేనే అబ్బయ్యా, తెలీక తడిపినాను" అంది అమ్మ. నేను తలుపు వెనక ఉన్నాను. మా అమ్మ నా పేరు చెప్పలేదు, నేనూ బయటికి రాలేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. వ్యాపారికి రావద్దని కబురంపి తెల్లారి బస్సుకు వెళ్లిపోయాడు. తర్వాత పండగలకూ రాలేదు. మా అవ్వ పోయినప్పుడు వచ్చి, కర్మ కాగానే ఇంట్లో కూర్చోకుండానే వెళ్లాడు.

పదేళ్ల తర్వాత అమ్మ కూడా పోయాక, నేనే రాణిపేట వెళ్లాను. అదే ఫ్యాక్టరీలో అదే బల్ల ముందు, కళ్లద్దాలు పెట్టుకుని తోలు కోస్తున్నాడు. టీ తెప్పించాడు. పిల్లలెలా ఉన్నారని అడిగాడు. ఆ రోజు తడపమన్నది నేనే అని చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"ఆ పొద్దే తెలుసు నాయనా. తెలీక తడిపినానన్నింది మా వదిన. తెలీని పని ఏదైనా నిన్ను అడక్కుండా చేసేదా ఆయమ్మ?"

అంతే అన్నాడు. మళ్లీ కత్తి అందుకున్నాడు. ఆయన మా ఇంటికి రానిది పోయిన కోట్ల బాధతో అనుకున్నాను అప్పటిదాకా. నా మొహం చూడలేక రాలేదు. ఏళ్లు గడిస్తే తప్పు పాతబడుతుందని నమ్ముకున్నాను. ఆ పదేళ్లలో పాతబడింది నేనొక్కణ్ణే.