మా ఇంటిపేరు అరవ

అరవై రెండులో మైపాడులో బస్సు తప్పిపోయి, చేపలు పట్టేవారి ఇంట్లో అన్నానికి కూర్చున్నాను.

“ఇంటిపేరేంది నాయనా?” అంది ఆ ఇంటి అవ్వ.

“అరవ వాళ్ళం, అవ్వా.”

తమిళదేశం నుంచి వలస వచ్చిన మా పూర్వీకుణ్ణి గుంటూరు వైపు అందరూ అలా పిలిచారట. అదే మాకు ఇంటిపేరయింది. ఆ సంగతి చెప్పేలోపే అవ్వ పెరట్లోకి కేకేసింది.

“అమ్మే, మీవోళ్ళొచ్చినారు, రా!”

తమిళదేశం నుంచే కొత్తగా కాపురానికొచ్చిన కోడలు తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, గలగలా అరవంలో ఏదో అడిగింది. నాకొక్క ముక్క అర్థం కాలేదు.

“మా తాతకే రాదమ్మా ఆ భాష,” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. పులుసులోంచి పెద్ద ముక్క తీసి నా కంచంలో వేసింది.

“నన్నూ ఈడ అరవపిల్లా అనే పిలుస్తారు,” అంది వచ్చీరాని తెలుగులో. “మన ఇంటిపేరొకటే. తినన్నా.”