సబ్బు కోసిన తీగ

పదకొండేండ్లుగా ఈ మాట కడుపులో పెట్టుకోని తిరుగుతాండాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెల్దు, అందుకే చెప్పగలుగుతాండాను. చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

నా కూతురు పద్మ చిన్న విమానాలు చేస్తాది. అప్పట్లో రెక్క తానే గీసి, తేలిక కట్టె కోసి అతికించి, గుప్పెడంత ఇంజను పెట్టేది. విమానానికి రెండు సన్నటి ఉక్కు తీగలు, వాటి కొసన చేతిపిడి. తను నడిమధ్యలో నిలబడి పిడి ఆడిస్తే అది చుట్టూ తిరుగుతా పల్టీలు కొడతాది. ఎండిపోయిన బుక్కరాయసముద్రం చెరువులోనే ఎగరేసేది.

రెండేండ్లు కష్టపడి ఒక పలచటి రెక్క గీసింది. ఎగరేసే ముందురోజు నేను బట్టల సబ్బు కడ్డీ కోయాల. కత్తితో కోస్తే పొడి రాలి దండగ. పద్మ పెట్టెలోని విమానం తీగ తీసి, కొస వేలికి చుట్టి కోసినాను. సబ్బు నున్నగా తెగింది. తీగ ఒకచోట మడత పడింది. గుండురాయితో తట్టి సాపు చేసి మళ్లీ పెట్టేసినాను. మడత తెలియలేదా నాకు? తెలిసింది. గోటికి తగిలింది.

మర్నాడు విమానం రెండు చుట్లు చక్కగా తిరిగింది. పల్టీ కొట్టేటప్పుడు ఒక తీగ తెగింది. విమానం నేలకు గుద్దుకోని ముక్కలైంది.

"రెక్కే తప్పమ్మా. అది లాగిన లాగుడుకు తీగ తట్టుకోలేదు. లెక్క నాదే పోయింది."

"ముందే చెప్పలేదా నేను? ఈ గాలి ఆటలు ఏంటికే నీకు?"

"ఇంక నేను గీయనులేమ్మా."

పద్మ కట్టెముక్కలు ఏరుకుంటాంటే నేను తెగిన తీగ కొస చూసినాను. మడత దగ్గరే తెగింది. ఆ ముక్క కొంగులో ముడేసుకోని, ఇంటికొచ్చే దావలో పారేసినాను. భయపడా? కాదు. ఈ పిచ్చి ఇట్లన్నా వదిలితే ఇంటిపని మీద మనసు పెడతాదని, దాని మంచికేనని, ఆ పొద్దు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పిచ్చి వదల్లేదు. ఇప్పటికీ ఎగరేస్తాది, ఇంకొకరు గీసినవి.

పోయిన ఆదివారం మనవరాలు అట్లాంటి రెక్కే గీసి చూపించింది. "వద్దే, నేను చేసి చూసినాను, నిలబడదు," అనింది పద్మ. పిల్ల చెరిపేసింది. పక్కనే అనపకాయలు ఒలుస్తా కూర్చున్నాను.

ఇది చదివితే పద్మ ఏమంటాదో తెల్దు. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. ఒక్క మాట మాత్రం ఇన్నేండ్లకు నా చేతితో రాసినాను. ఆ రెక్కలో తప్పు లేదు.