ముఠా అంతటికీ ఒకే ఛాతీ

సమ్మెట అని పిలిస్తేనే ఆయన పలుకుతాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది కార్డుల మీద ఉండటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. మీసం మొలవకముందే రాతి క్వారీలో సమ్మెట పట్టాడు, జుట్టు నెరిసినా దించలేదు. పొలం పనులు అయిపోగానే ఊళ్ళో మగవాళ్ళలో సగం మంది మూటాముల్లె సర్దుకుని క్వారీకి బయలుదేరేవారు. అక్కడి రేకుల షెడ్లలో ఉండి, వానలు పడ్డాక తిరిగొచ్చేవారు. ఈలోగా ఇక్కడ పిల్లలు పుట్టేవారు, వాళ్ళకు పళ్ళొచ్చేవి, నడకొచ్చేది. అవన్నీ సమ్మెట ఫోనులో విన్న సంగతులే. ఒకసారి ఆయన ఇంటికొస్తే పెద్ద కూతురు గుమ్మంలో నిలబడి "అమ్మా, ఎవరో వచ్చారు" అందట. ఆ మాట చెప్పి ఆయన భార్య ఇప్పటికీ అందరినీ నవ్విస్తుంది. ఆయన మాత్రం నవ్వడు.

క్వారీలో వాళ్ళ ముఠాకు ఒక అలవాటు ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే వాణ్ణి షెడ్డులో పడుకోబెట్టి, వాడి వంతు రాళ్ళు కూడా మిగతావాళ్ళే కొట్టేస్తారు. మేస్త్రీ వచ్చి వాడి పేరు పిలిస్తే ఎవడో ఒకడు "ఆఁ" అంటాడు. మేస్త్రీకి కావలసినవి రాళ్ళు, మొహాలు కాదు. ఇలా ఒకడి బదులు ఇంకొకడు నిలబడబట్టే ఆ ముఠాలో ఎవడూ పస్తు పడుకోలేదు. అది చెడ్డ అలవాటని అనడానికి ఎవరికీ నోరు రాదు. కానీ ఆ మంచి అలవాటే చివరికి వాళ్ళ కొంప ముంచబోయింది.

వలస కూలీల కోసం ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చిన ఏడాది అది. రాళ్ళు పిండి చేసే యంత్రాల దగ్గర దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి, ప్రతి కూలీకీ కార్డు ఇవ్వాలి, ఆ కార్డుతో ఏ ఊళ్ళో ఉన్నా ఉచితంగా వైద్యం చేయాలి, ఏడాదికోసారి ఛాతీ పరీక్ష చేయాలి. ఊపిరితిత్తులకు దుమ్ము పట్టినవాళ్ళకు మందులిచ్చి, నెలనెలా భృతి ఇచ్చి, సొంత ఊళ్ళోనే తేలికపాటి పని చూపించాలి. బంగారం లాంటి చట్టం. అయితే అది క్వారీ దాకా వచ్చేసరికి మంచి మాటలన్నీ దారిలో ఎక్కడో జారిపోయాయి. మిగిలింది ఒక తెల్ల వ్యాను, దాని లోపల ఎక్స్‌రే యంత్రం, తలెత్తి చూడకుండా "తర్వాతెవరు, తర్వాతెవరు" అని అరిచే ఉద్యోగి. ఈ పరీక్ష ఎందుకో చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. చెప్పింది మేస్త్రీ ఒక్కడే.

"దుమ్ము పట్టినవాణ్ణి ఇంటికి తోలేస్తారంట. మళ్ళీ ఏ క్వారీలోనూ అడుగు పెట్టనివ్వరంట. చూసుకోండి మరి."

ముఠాకు గుండెల్లో రాయి పడింది. దగ్గనివాడు వాళ్ళలో ఎవడున్నాడు? ఉన్నాడు, ఒకే ఒక్కడు. సమ్మెట బావమరిది. అందరూ వస్తాదు అంటారు. దుక్కలా ఉంటాడు, కొత్తగా ముఠాలో చేరాడు, దుమ్ము తినడం ఇంకా మొదలుపెట్టనివాడు. ఇంకేముంది, అలవాటు ప్రకారం పేరు ఎవరిదైనా వస్తాదే లేచాడు. చొక్కా మార్చుకుని ఒకసారి, తలకు తువ్వాలు చుట్టుకుని ఒకసారి, జుట్టు తడుపుకుని ఒకసారి. వ్యాను మెట్లు ఎక్కీ దిగీ వాడికి కాళ్ళు పీకాయి. సాయంత్రానికి ముఠా మొత్తం ఊపిరితిత్తులు కొత్త బిందెల్లా ఉన్నాయని తేలింది. ఆ పూట షెడ్డులో వాడికి జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు.

ఏడాది తిరిగేసరికి సమ్మెట నాలుగు అడుగులు వేసి నిలబడిపోతున్నాడు. చేతిలో సమ్మెట పైకెత్తితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. పరువు పోతుందని కొన్నాళ్ళు దాచాడు, ఇక దాచలేక ఇంటిదారి పట్టాడు.

ఊరు కాస్త మారింది. ఇంటి ముందు కొళాయి వచ్చింది. కొత్త ఆరోగ్య కేంద్రం వచ్చింది, అందులో నిజంగానే నర్సు ఉంటోంది. ఆ నర్సమ్మ ఆయన వీపు మీద గొట్టం పెట్టి విని, కార్డు సంఖ్య కంప్యూటరులో కొట్టి చూసి, మళ్ళీ వీపు మీద గొట్టం పెట్టింది.

"ఇందులో మీకు ఏ జబ్బూ లేదని ఉంది. నా చెవులు మాత్రం ఒప్పుకోవట్లేదు. కార్డులో ఇలా ఉంటే భృతీ రాదు, మందులూ రావు. నిజం చెప్పండి, ఆ పరీక్ష మీరే చేయించుకున్నారా?"

సమ్మెట నీళ్ళు నమిలాడు. నర్సమ్మ దగ్గర నమిలినన్ని నీళ్ళు భార్య దగ్గర నమలడం కుదరలేదు. ఇంటికొచ్చాక ఆవిడ రెండు ప్రశ్నలు వేసేసరికి మొత్తం కక్కేశాడు.

"నీ బదులు మావాడు అన్నం తింటే నీకు కడుపు నిండుతుందా? నీ బదులు వాడు ఊపిరి పీలిస్తే నీకు ఎక్కుతుందా?" అని ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. "పద, పట్నం ఆసుపత్రికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబుదాం."

"చెబితే నా ఒక్కడితో పోదే. అందరి పరీక్షలూ దొంగవేనని బయటపడుతుంది. కార్డులు లాక్కుంటారు, క్వారీ నుంచి గెంటేస్తారు. నేను పడిపోతే నా వంతు రాళ్ళు కొట్టినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ పొట్ట కొట్టి నేను బతకనా?"

"మరి చస్తావా?"

చావంటే సమ్మెటకు భయమే. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చుని, అందని గాలి కోసం నోరు తెరిచేటప్పుడు ఆ భయం ఎంత పెద్దదో ఆయనకే తెలుసు. అయినా మూర్ఖుడు, కదల్లేదు. చివరికి ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. ఆ ఫోనులో ఏమందో తెలియదు గానీ, మర్నాడే వస్తాదు తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాడు. అక్కాతమ్ముళ్ళు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని బస్సెక్కించారు.

"మందులడుగుదాం, అంతే. ముఠా మాట ఎత్తొద్దు" అని దారి పొడుగునా సమ్మెట బతిమాలుతూనే ఉన్నాడు.

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుదే. సమ్మెటను దగ్గమంది, గాలి పీల్చమంది. తర్వాత తెర మీద కిందటేటి ఎక్స్‌రే తెచ్చి చూసి, ఎందుకో చిన్నగా నవ్వింది.

"ఈ పక్కటెముక చూశారా? ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది. మీ క్వారీ నుంచి మా దగ్గరికి తనిఖీకి వచ్చిన ఎక్స్‌రేలు చూస్తున్నాను, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి ఇదే ఎముక, ఇక్కడే విరిగింది. అందరి మీదా ఒకే రాయి పడిందా ఏంటి?"

వస్తాదు చెయ్యి దానంతటదే ఎడమ డొక్క మీదికి పోయింది.

"ఓహో," అంది డాక్టరమ్మ. "మీరా? మీకోసం ఎన్నాళ్ళ నుంచి వెతుకుతున్నానో!"

"చిన్నప్పుడు కుస్తీలో విరిగిందమ్మా," అన్నాడు వస్తాదు, ఏడుపు గొంతుతో. "తప్పు నాదే. బావని ఏమీ అనకండి. కావాలంటే నన్ను జైల్లో పెట్టుకోండి."

"కాదమ్మా, పంపింది మేమే," అన్నాడు సమ్మెట. అంత బతిమాలినవాడు, బావమరిది జైలు అనేసరికి ఆగలేకపోయాడు. "వాణ్ణి వదిలేయండి. శిక్షేదో నాకే వేయండి."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"జైలేంటి, శిక్షేంటి? దుమ్ము పట్టిందని కూలీని తీసేస్తే క్వారీ యజమానికే శిక్ష. చట్టంలో ఆ మాట మొదట్నుంచీ ఉంది. మీకెవరూ చెప్పలేదా?"

"మాకు చెప్పింది మేస్త్రీ ఒక్కడేనమ్మా."

"అక్కడే వచ్చింది చిక్కు. మొహం చూడకుండా ఎక్స్‌రేలు తీసింది మావాళ్ళు, మీకు ముందే చెప్పనిదీ మావాళ్ళే. ఈ ఎముక సంగతి నేను పైకి రాశాను. మీ ముఠా అందరికీ మళ్ళీ పరీక్ష చేయాలని ఆర్డరు కూడా వచ్చింది. ఎవరి కార్డూ పోదు."

సమ్మెట భార్య అప్పటిదాకా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఎవరి కార్డూ పోదనేసరికి అక్కడే నేల మీద చతికిలబడింది.

ఎక్స్‌రే గది ముందు బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. లోపల్నుంచి సమ్మెట అసలు పేరు పిలిచారు. పిలవగానే వస్తాదు లేచి నిలబడ్డాడు. పాపం, అలవాటు! సమ్మెట వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తానే లోపలికి వెళ్ళాడు. చల్లటి పలకకు ఛాతీ ఆనించి, పట్టినంత గాలి పట్టాడు.

డాక్టరమ్మ ఆ కొత్త ఎక్స్‌రేను చాలాసేపు చూసింది. ఆ కాసేపట్లో సమ్మెట తన కూతుళ్ళిద్దరినీ తలుచుకున్నాడు, వాళ్ళ చిన్నప్పటి మొహాలు గుర్తు తెచ్చుకోబోయాడు. సరిగ్గా గుర్తు రాలేదు.

"దుమ్ము పట్టింది," అంది ఆవిడ. "పట్టింది పోదు, అబద్ధం చెప్పను. కానీ ఇంకా మొదట్లోనే ఉంది. ఇక ఆ దుమ్ములోకి వెళ్ళకపోతే ఇక్కడితో ఆగే అవకాశం బాగా ఉంది. మందులు మీ ఊరి నర్సు దగ్గరే తీసుకోవచ్చు. మీ ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర మోటారు చూసుకునే మనిషి కావాలట, ఆ పనికి మీ పేరు రాస్తాను. క్వారీ మాత్రం మర్చిపోండి."

"మర్చిపోవడమంటే... ఇక వెళ్ళకూడదా?"

"చచ్చినా వెళ్ళకూడదు."

"వినపడిందా?" అంది భార్య. కళ్ళు తుడుచుకుంటోంది గానీ గొంతు మాత్రం కోర్టులో గెలిచినదానిలా ఉంది. "ఇక ఏడాదంతా ఇంట్లోనే. నా చేతి వంట తిని వంక పెట్టడానికి ఇన్నాళ్ళకి నాకో మనిషి దొరికాడు."

సమ్మెట నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. పదిమంది చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. మొన్నటిదాకా ఇంటికి తోలేస్తారని భయపడి ఎంత పని చేశారు! తోలేస్తే ఇంత సుఖంగా ఉంటుందని ఎవరనుకున్నారు?

కాస్త తేరుకున్నాక వరండాలోకి వెళ్ళి క్వారీకి ఫోను చేశాడు. ముఠాలో అందరికంటే పెద్దాయన ఎత్తాడు. ఎముక సంగతి, ఆర్డరు సంగతి, మోటారు సంగతి, ఒక్కటీ వదలకుండా చెప్పాడు సమ్మెట.

"అయితే సమ్మెటా," అన్నాడు పెద్దాయన, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా, "మేం కూడా రావచ్చా?"

"రండి బాబాయ్. అందర్నీ తీసుకురా. ఎవరి ఛాతీ వాళ్ళు తెచ్చుకోండి."

అవతల ఎవరో పకపకా నవ్వారు, ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దాని వెనకే ఇంకొకడి దగ్గు, ఇంకొకడిది. ఏ దగ్గు ఎవరిదో సమ్మెటకు తెలుసు. ఒక్కొక్కటీ విన్నాడు, ఎవరొస్తున్నారో లెక్కపెట్టుకున్నట్టు.