డెల్సీ ఇంట్లో తొమ్మిది మంచాలు

అమెరికాలో మా కెంటకీ కొండల్లో డెల్సీ హార్గిస్ ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. బస్సులో ఆమె మాటే చట్టం. రిటైరయ్యాక కూడా మా అందరి మీదా అదే పెత్తనం.

ఈ వసంతంలో ఆమె మేనకోడలు మత్తుమందు మానడానికి ఆస్పత్రిలో చేరింది. ముగ్గురు పిల్లలూ డెల్సీ దగ్గరికొచ్చారు. ఇదివరకైతే సంక్షేమశాఖ వాళ్లు ముగ్గురినీ తలో పరాయి ఇంట్లో పడేసేవాళ్లు. ఇప్పుడు పద్ధతి మారింది, ముందు సొంతవాళ్లనే అడుగుతున్నారు. కాకపోతే శుక్రవారంలోగా ఒక్కొక్కరికీ ఒక మంచం చూపించాలన్నారు. డెల్సీకి ఉన్నదే ఒక్కటి.

పెద్దది రెనీ, ఏడేళ్లది. వచ్చిన రోజు నుంచి బూట్లు విప్పలేదు, నిద్రలో కూడా.

"మమ్మల్ని తీసుకుపోవడానికి వస్తే వెతుక్కోనక్కర్లేదుగా" అంది.

ఆదివారం చర్చిలో డెల్సీ లేచి నిలబడింది. "ప్రార్థన తర్వాత చేద్దురుగానీ, ముందు మంచాలు పట్రండి!"

మావాళ్ల తెలివి ఏం చెప్పను! ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. గురువారానికి ఎనిమిది దిగాయి. అందులో ఒకటి నాదే, నవ్వకండి. ఆమెదానితో కలిపి తొమ్మిది. ఇంట్లో నేలన్నది కనిపిస్తే ఒట్టు.

శుక్రవారం సంక్షేమశాఖ ఆఫీసు నుంచి కర్టిస్ వచ్చాడు. తలుపు తోస్తే మంచానికి తగిలి ఆగిపోయింది. పాపం, కిటికీ ఎక్కాడు.

"ఆగరా! బూట్లతోనే నా మంచాలెక్కుతావా?" డెల్సీ గద్దించింది. "నా బస్సులో నువ్వు రోజూ కక్కుతుంటే తుడిచిందెవర్రా?"

"అత్తా, పిల్లల ముందు అవన్నీ ఎందుకు?" అంటూ బూట్లు విప్పి బయట పెట్టాడు. చిరిగిన మేజోట్లోంచి బొటనవేలు తొంగి చూసింది. పిల్లలు పకపకా నవ్వారు. మంచం మీంచి మంచం మీదికి తూలుకుంటూ ఇల్లంతా చూశాడు.

"మూడు చాలన్నాను కదత్తా!"

"లెక్కలు నాకూ వచ్చు. ఇంతకీ ఉంచుతావా, తీసుకుపోతావా?"

"ఉంచుతాను. ముందు ఐదు మంచాలు తీయించి, ఆ తలుపు తెరుచుకునేలా చెయ్యి" అని కాగితం మీద సంతకం పెట్టాడు.

రెనీ కిటికీలోంచి ఆయన బూట్లకేసి కాసేపు చూసింది. తర్వాత కూర్చుని తన బూట్ల తాళ్లు లాగడం మొదలుపెట్టింది. ముడులు బిగుసుకుపోయాయి. చివరికి కర్టిసే పళ్లతో లాగాడు.

వారం రోజుల కంపు గుప్పుమంది.

"ఓరి దేవుడో, చచ్చాం!" అని డెల్సీ ముక్కు మూసుకుంది, కళ్లు తుడుచుకుంది.

బూట్లను రెనీయే కిటికీలోంచి బయటికి విసిరేసింది.