ఐలేశం బండి మీద పోగు తెగదు

మా వాడకట్టు ఐలేశానికి ఒక్క నూడుల్ తెగితే ప్రాణం పోయినంత పని. ముప్పై ఏళ్లు మగ్గం నేసిన చేతులు మరి. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మగ్గం విప్పి అటకెక్కించి, మోత్కూర్ బస్టాండు దగ్గర నూడుల్స్ బండి పెట్టాడు. మగ్గం అటకెక్కింది గాని, పోగు మీద పట్టింపు మాత్రం బండెక్కింది.

ఉడికిన నూడుల్స్‌ను ఆరబోసి, నూనె రాసి, నూలుకు గంజి పెట్టినంత ఓపికగా చిక్కు తీస్తాడు. క్యారెట్టు, క్యాబేజీ, బీన్స్ కూడా పోగుల్లా సన్నగా కోయాల్సిందే. పెద్ద మంట మీద కలిపేటప్పుడు గరిటె తగిలి ఒక్క పోగు తెగినా, ఏరి పక్కన పెట్టి తనే తింటాడు. సోయా సాస్ చుక్కలు లెక్కపెట్టి పోస్తాడు, ఎక్కడా మరక పడకూడదట. తిండికి మరకేమిటని అడిగితే నా వైపు జాలిగా చూస్తాడు.

తినేవాళ్లనైనా సుఖంగా తిననిస్తాడా? ఒకసారి బ్యాంకులో పనిచేసే దివాకర్ సారు చెంచాతో నూడుల్స్ తెంపుతుంటే పళ్లెం పట్టుకొని ఆపేశాడు.

"సారూ, నేసిన చీరె కత్తెరతోని కోస్తరా? జర కొస దొరకవట్టి లోపలికి గుంజుండ్రి."

పాపం, ఆయన గుంజాడు. సాసు ముక్కు దాకా వచ్చింది. అయినా మరుసటి వారం మళ్లీ వచ్చాడు. రుచి అలాంటిది.

నేనూ మా పక్కింటి బిక్షమ్మా ప్రతి వారం అంగడి రోజు అక్కడే తినేవాళ్లం. పోయిన ఏడు దవాఖానలో నా పళ్లన్నీ పీకేశారు. చిగుళ్లు ఆరితే గాని కట్టుడు పళ్లు పెట్టరట. నోటి మీద బతికినదాన్ని, బోసినోరు నలుగురికీ ఎలా చూపను? ఆకలి లేదని చెప్పి రెండు వారాలు బండి ముందు నుంచి తల తిప్పుకొని పోయాను. మూడో వారం ఐలేశం అడ్డం వచ్చాడు.

"పెద్దమ్మా, ఒక సాయం జెయ్యి. గీ ప్యాకెట్టంత ఇరిగిపోయి వచ్చింది. ఎవ్వలకన్న పెడితే నా ఇజ్జత్ పోతది. నువ్వైతే ఎవ్వలకు చెప్పవు."

నేను ఎవరికీ చెప్పకపోవడమా అని బిక్షమ్మ ఒకటే నవ్వు. పట్టించుకోకుండా కూర్చున్నాను. గోరంత ముక్కలు, వెన్నలా ఉడికిన క్యారెట్టు. నమిలే పనే లేదు.

"యాడ కొంటున్నవురా గిసుంటి సరుకు? కండ్లు లేవా?" అని తిట్టి మరీ తిన్నాను.

ఆ తర్వాత ప్రతి వారం ప్యాకెట్టు విరిగే వచ్చింది. అంత విరిగిన సరుకు రాష్ట్రంలో ఇంకెవరికీ దొరికి ఉండదు.

ఒకరోజు కాస్త ముందే పోయాను. ఐలేశం బండి వెనక నిలబడి, మంచి ప్యాకెట్టును తువ్వాలలో చుట్టి, కళ్లు గట్టిగా మూసుకొని విరుస్తున్నాడు. పటుక్కుమన్న ప్రతిసారీ తన పన్నే పీకినట్టు మొహం పెడుతున్నాడు. చప్పుడు చేయకుండా వెనక్కి మళ్లి, అంగడంతా ఒక చుట్టు తిరిగొచ్చి, విరిగిన సరుకు తెచ్చాడని మళ్లీ తిట్టాను.

కట్టుడు పళ్లు వచ్చిన వారం నేరుగా బండి దగ్గరికే పోయాను.

"ఇయ్యాల మంచి ప్యాకెట్టు ఇప్పురా. ఒక్క పోగు తెగినా ఊకోను."

నా నోటి వంక చూసి కడాయి ఎక్కించాడు. పళ్లెం రాగానే అన్నిటికన్నా పొడుగు పోగు కొస పట్టుకున్నాను. నోటి నిండా కొత్త పళ్లున్నా ఒక్కటీ ఆనించకుండా చివరి దాకా గుంజాను. సాసు ముక్కుకంటింది. ఐలేశం మాత్రం మగ్గం మీంచి చీరె దిగినప్పటి మొహంతో నిలబడి చూశాడు.

ముక్కు తుడుచుకొమ్మని తువ్వాల అందించాడు. ఆ రోజు నా కోసం ముందే విరిచిపెట్టిన నూడుల్ నలుసులు దానికి ఇంకా అంటుకొని ఉన్నాయి. చూడనట్టే దులిపి, తుడుచుకున్నాను.