మోరీలో ఏముందో చెప్పే టీచరమ్మ

ఎవరింటికైనా పోతే మనం కుర్చీ వెతుక్కుంటాం. అంబాబాయి టీచర్ మోరీ వెతుక్కుంటారు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేలోపు ఆమె ఆ ఇంటి సింకు కింద వంగి ఉంటారు. అంతటితో ఆగితే ఎవరికీ బాధ లేదు. పైపు విప్పాక అందులో ఏం దొరికిందో సందంతా వినిపించేలా చెబుతారు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన గొంతు అది. ఆదోనిలో మా సందు ఈ చివర పలికితే ఆ చివర గోడకు తగిలి వెనక్కి వస్తుంది.

ఏడో తరగతిలో నాకు లెక్కలు నేర్పింది ఆమే. ఇప్పుడు పక్కింట్లో ఉంటున్నాను కాబట్టి ఈ అలవాటు ఎలా మొదలైందో కూడా తెలుసు. రిటైరైన నెలలోనే వాళ్ళ మోరీ నిండింది. ప్లంబరు అయ్యన్నకు ఫోన్ చేస్తే "రేపొస్తా మేడం" అన్నాడు. పదకొండు రోజులు అదే మాట. పన్నెండో రోజు టీచర్ బజారుకు పోయి పానా, ఇనుప తీగ, గుప్పెడు వాషర్లు తెచ్చుకున్నారు. సాయంత్రానికి నీళ్ళు గలగలా పోయాయి. పదమూడో రోజు అయ్యన్న వచ్చి, "ఎవరు సేసినారు మేడం? పని బాగుండాది" అని మెచ్చుకుని పోయాడు. ఇప్పుడు ఎక్కడైనా చిక్కుపడితే వాడే ఆమెకు ఫోన్ చేస్తాడు. "రేపు చెప్తాలే అయ్యన్నా" అంటారామె.

నా పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ శ్రీవల్లిని చూడ్డానికి వచ్చారు. చేతిసంచిలోంచి పసుపు కుంకుమలు తీస్తారనుకుంటే పానా తీశారు. ఐదు నిమిషాల్లో వంటింట్లోంచి ప్రకటన వెలువడింది.

"సందీపా, దోసెడు టీపొడి ఉంది ఇక్కడ. ఇద్దరే కదప్పా ఉండేది, దినానికి ఎన్నిసార్లు తాగుతారు?"

ఆ సాయంత్రం సందులో నన్ను పలకరించిన ప్రతివాడూ "టీ అయిందా?" అనే అడిగాడు.

ఎమ్మిగనూరులో జరిగింది ఇంకో ఎత్తు. ఆమె అన్న కొడుకు తేజస్‌కు అక్కడ పెళ్ళిచూపులు. ఇంటికి పెద్దగా టీచర్‌ని ముందు నడిపించుకుని పోయారు. అమ్మాయి అపూర్వ పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి పెద్దావిడ కుర్చీలో లేరు. వెతికితే పెరట్లో, పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, గిన్నెలు తోమే చోట మోరీ మీది జాలీ ఎత్తి చూస్తున్నారు. అమ్మాయి తండ్రి పాండురంగ ముఖం కందగడ్డ అయింది.

"ఏమమ్మా, సంబంధం చూసేకి వచ్చినారా, మోరీ చూసేకి వచ్చినారా?"

"రెండూ చూసినా. ఒక్క మెతుకు లేదు, ఒక్క వెంట్రుక లేదు. అన్నా, ఖాయం చేసుకోండి."

ఖాయమైంది. ఆ మోరీని ముందు రోజు మూడు బిందెల వేడినీళ్ళతో కడిగించారని పెళ్ళయిన ఏడాదికి అపూర్వే చెప్పింది. టీచర్ సంగతి ఎమ్మిగనూరు దాకా పాకిందన్నమాట.

ఇలాంటి మనిషి కాబట్టే మొన్న చైత్రంలో హులిగమ్మకు నిద్ర పట్టలేదు.

హులిగమ్మ సందు చివర గోపాలయ్య శెట్టి ఇంట్లో కింది భాగంలో అద్దెకుంటుంది. జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆ వంటిల్లే ఆమె అంగడి. శెట్టి పై అంతస్తులో ఒక్కడే ఉంటాడు. వారం రోజులుగా కింద మోరీ ఎగదన్ని గుమ్మం ముందు నీళ్ళు నిలుస్తున్నాయి. శెట్టికి కూడా సరిగ్గా ఆ వారమే పంటి నొప్పి. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, మెట్ల మీద నిలబడి తీర్పు చెప్పేశాడు.

"నీ జొన్నపిండే అడ్డం పడింది. నెలాఖరుకు ఖాళీ చెయ్."

హులిగమ్మ మా ఇంటికి వచ్చింది. "సందీపప్పా, టీచరమ్మకు మాత్రం సెప్పొద్దు. ఆయమ్మ తెరిసిందంటే పిండి ఉండాదని ఊరంతా సెప్తాది. ఇంగ నేను యాడికి పోవాల?"

నేను చెప్పలేదు. శెట్టే పిలిపించాడు. "టీచరమ్మ అబద్ధం ఆడదు. ఆమె చూసి చెప్తే ఇంక మాట లేదు" అన్నాడు తువ్వాల వెనకనుంచి.

పొద్దున పదింటికి సందంతా అక్కడే ఉంది. టీచర్ కొంగు బిగించి, రబ్బరు తొడుగు వేసుకుని, గుమ్మం ముందు మోరీ గుంత, అదే చాంబరు, మూత తీసి లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టారు. నేను పక్కనే బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. హులిగమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

చెయ్యి బయటికి వచ్చింది. గుప్పిట్లో జొన్నపిండి ముద్ద ఉంది. నిజమే. కానీ ఆ ముద్ద ఊరికే నిలవలేదు. దాని నడుమ అడ్డంగా ఒక పైవరస కట్టుడు పళ్ళు ఉన్నాయి. నీళ్ళు పోసి బకెట్లో విదిలించారు కాబట్టి నాకు కనిపించాయి. శెట్టి పంటి నొప్పి ఏమిటో నాకప్పుడు అర్థమైంది. పైన స్నానాల గది నీళ్ళూ ఇందులోకే వస్తాయి, అక్కడ జాలీ లేదు. ముఖం కడుగుతూ జారవిడిచి, సిగ్గుకు ఎవరికీ చెప్పలేదు.

నవ్వు ఆపుకోవడానికి నేను బకెట్టులోకి దగ్గాను. ఇక ఏ క్షణమైనా ఆ గొంతు లేస్తుందనుకున్నాను. టీచర్ బకెట్టు మీద తన తువ్వాలు కప్పారు.

"వేపచెట్టు వేరు" అన్నారు. "పైపులోకి దూరింది. ఎవరి తప్పూ లేదు."

జనం ఒకరినొకరు చూసుకున్నారు. శెట్టి మెట్ల మీదినుంచి అడిగాడు: "ఈ సందులో వేపచెట్టు యాడుంది టీచరమ్మా?"

"వేర్లు శానా దూరం పోతాయి శెట్టీ. పైన జాలీ కూడా చూడాల. పద."

బకెట్టు తీసుకుని ఆమె మెట్లెక్కారు. పైన ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగలరని సందుకు అదే మొదటిసారి తెలియడం. దిగివచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట వినిపించింది: "మరిగే నీళ్ళు వద్దు, వంకరపోతాయి. బ్రష్షుతో బాగా తోము."

తర్వాత టీచర్ హులిగమ్మ వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసి, పిండి గిన్నెలు ముందు తొట్టిలో నానబెట్టి, అడుగున పేరిన పిండి తీసి ఆవులకు పెట్టి, పైతేట నీళ్ళే మోరీలో పొయ్యాలని చూపించారు. హులిగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. దొరికింది వేరు కాదని ఆమెకు తెలుసు. పిండి మాత్రమే అనుకుంది. ఇప్పటికీ అదే అనుకుంటోంది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "టీచర్, నా టీపొడి ఊరంతా చెప్పినారు. ఇది మాత్రం దాచినారే."

"టీపొడి చెప్తే నీకేం పోయిందప్పా? నవ్వినారు, అంతే కదా. ఇంతకాలం మోరీల్లో నాకు ఏమేం దొరికినాయో నీకు తెలుసునా?"

"తెలీదు టీచర్."

"తెలీదు కదా" అని తన గుమ్మంలోకి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం గోపాలయ్య శెట్టి తువ్వాలు లేకుండా కిందికి దిగాడు. హులిగమ్మ గుమ్మం ముందు అరుగు మీద కూర్చుని, ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన పని లేదన్నాడు. రెండు రొట్టెలు పెట్టమని కూడా అడిగాడు, ఎండబెట్టిన కడక్ రొట్టెలే కావాలన్నాడు.

"పంటి నొప్పితో అంత గట్టివి ఎట్ల నములుతావు శెట్టీ?" అంది హులిగమ్మ.

"వారం నుంచి గంజే తాగుతాండాను. పెట్టు తల్లీ" అన్నాడు శెట్టి. ఆ రొట్టెలు నమిలిన కరకర చప్పుడు మా ఇంటి దాకా వినిపించింది.